కరక్కాయ పట్టిన గుడ్డ

గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్నం. ఆ పట్నంలో ఒక చిత్రకారుడు ఉండేవాడు. ఆయన చెయ్యి మంచిదని చుట్టుపక్కల జిల్లాలన్నిటా పేరు. రంగు ఒక్కదాన్నే నమ్ముకున్న మనిషి కాడు. కాన్వాసు మీద గుడ్డముక్కలు అంటించేవాడు, రాగితీగతో కుట్టు వేసేవాడు, పాత పుస్తకాల కాగితాలు, గజ్జెలు, రంపపు పొట్టు, గాజు పెంకులు, బంగారు రేకు, ఏది చేతికి దొరికితే దాన్ని బొమ్మలోకి ఎక్కించేవాడు. వచ్చినవాళ్ళు 'మిక్స్‌డ్ మీడియా' అంటూ అదేదో కొత్త విద్య అన్నట్టు మెచ్చుకుంటే ఆయన నవ్వేవాడు. తంజావూరు బొమ్మలో సున్నపు ముద్దతో నగల్ని ఉబ్బెత్తుగా లేపి, రేకు తాపి, రాళ్ళు పొదిగిన వాళ్ళు చేసింది ఇదే కదా అనేవాడు. చేర్యాల నకాశీలు చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి మొహాలు చేస్తున్నది ఇప్పుడా అని అడిగేవాడు.

ఆయనది ఇంకో పద్ధతి కూడా ఉంది. పెద్దవాళ్ళ బొమ్మ వేసేటప్పుడు కన్నూ ముక్కూ గీసేవాడు కాదు. మనిషి ఆకారం మాత్రం నిలబెట్టి, చుట్టూ గుర్తులు పేర్చేవాడు. "మొహమే కావాలంటే ఫొటో కట్టించుకోండి, నేను మనిషిని గుర్తులతో చెబుతాను" అనేవాడు. ఆ మాట విన్నవాళ్ళకు ఎంతో బాగుండేది.

ఆ ఊరి గ్రంథాలయానికి కొత్త హాలు కట్టారు. గోడకు నలుగురి బొమ్మలు పెట్టాలని కమిటీ తీర్మానించింది. పాటకు ఘంటసాల, వాద్యానికి ద్వారం వెంకటస్వామి నాయుడు, పద్యానికి గుర్రం జాషువా, ఆటకు చిందుల ఎల్లమ్మ. చిత్రకారుడికి కబురు వెళ్ళింది. బయానా ముట్టింది. మూడు నెలల్లో బొమ్మలు గోడెక్కాయి.

చూడటానికి అవి ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేం. నాలుగు ఆకారాలకూ భుజాల మీద అసలు జరీ శాలువా. తల వెనక బంగారు రేకుతో ప్రభ. గుండెల మీద ఇత్తడి పోతపోసిన పతకం. పాదాల దగ్గర కాగితపు గుజ్జుతో చేసిన తామరపువ్వు. ఘంటసాలకు నీలం, నాయుడు గారికి ఆకుపచ్చ, జాషువాకు ఎరుపు, ఎల్లమ్మకు పసుపు నేపథ్యం. వాటి కింద ఇత్తడి పేరు పలకలు బిగించే పని వడ్రంగి మేస్త్రికి అప్పజెప్పారు.

ప్రారంభం రోజున హాలు కిటకిటలాడింది. చిత్రకారుడు వెనక వరసలో నిలబడి తన బొమ్మల వంక చూసుకున్నాడు. గుండె ఝల్లుమంది. నీలం బొమ్మ కింద జాషువా పేరు ఉంది. ఎరుపు బొమ్మ కింద ద్వారం వారి పేరు ఉంది. నాలుగూ తారుమారు! ఇప్పుడు లేచి చెబితే సభ రసాభాస అవుతుంది, ఎవరో ఒకరు పోల్చుకుని తామే చెబుతారులే అని ఊరుకున్నాడు. ఈలోగా ముఖ్య అతిథి మైకు అందుకుని, నీలం బొమ్మ వైపు చెయ్యి చాచి, "ఆ నీలంలో మహాకవి పడిన వేదన చూడండి!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి.

ఆ రోజు ఎవరూ పోల్చుకోలేదు. ఆ వారమూ పోల్చుకోలేదు. పేపర్లు తిరగెయ్యడానికి వచ్చేవాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, జయంతికి దండ వేసే పెద్దలు, ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. చివరికి చిత్రకారుడే కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు.

"పలకలు తారుమారయ్యాయండీ."

"అలాగా! ఎప్పట్నించి?"

"మొదటి రోజు నించీ."

"మరి ఒక్కళ్ళూ అడగలేదేవిటండీ?" అని కార్యదర్శి కాసేపు ఆలోచించాడు. "పోనిద్దురూ. నలుగురూ పెద్దవాళ్ళే. ఎవరి కింద ఎవరి పేరుంటే ఏం, దణ్ణం పెట్టేవాడు పెడుతూనే ఉన్నాడు. ఇప్పుడు మేకులు ఊడబీకితే కొత్త గోడ పాడవుతుంది."

చిత్రకారుడికి ముందు కోపం వచ్చింది. ఇంటికి నడుస్తుంటే కోపం దిగి దాని చోట భయం చేరింది. పలకలు మళ్ళీ సరిగ్గా బిగిస్తే మటుకు మారేదేమిటి? ఘంటసాలకు నీలం ఎందుకని ఎవరైనా నిలదీస్తే తన దగ్గర జవాబు ఉందా? శాలువా ఎవరికైనా కప్పుతారు. పతకం ఎవరికైనా ఇస్తారు. బొమ్మ నిండా ఉన్నవన్నీ సన్మానం చేసినవాళ్ళ సామాను. సన్మానం పొందిన మనిషిది ఒక్కటీ లేదు.

అయినా మనసు తప్పును తన మీదికి పూర్తిగా రానివ్వలేదు. లోపం సరుకులో ఉందనుకున్నాడు. సీమ రంగులూ సీమ కాన్వాసూ కాబట్టి బొమ్మకు మన వాసన అంటలేదు, కలంకారీ గుడ్డ మీద వేస్తే అదే కుదురుతుంది అనుకుని, బొమ్మలు నాలుగూ గోడ దింపించి శ్రీకాళహస్తి బండెక్కాడు.

అక్కడ ఒక ముసలి కలంకారీ పనివాడి ఇంటికి వెళ్ళాడు. పెరట్లో గుడ్డలు ఆరుతున్నాయి. వసారాలో మూత కట్టిన కుండలో కసిం పులుస్తున్నది. తుప్పు ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి నానబెట్టిన నల్లరంగు అది. వచ్చిన పని చెప్పగానే ముసలాయన రెండు గుడ్డముక్కలు తెచ్చి చాప మీద పరిచాడు. రెండూ ఒకే తాను, గాడా గుడ్డ. ఒకటి ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ. రెండోది కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి, పిండి, ఎండబెట్టినది, కొంచెం పసుపు తిరిగి ఉంది.

ఆయన వెదురుపుల్ల కలం తీసుకున్నాడు. మొనకు పైన చుట్టిన ఉన్నిని కసింలో ముంచి, వేళ్ళతో మెల్లిగా నొక్కుతూ తెల్లగుడ్డ మీద ఒక గీత లాగాడు. మరకలాంటి గీత పడింది. పలచగా, తుప్పునీళ్ళ రంగులో, అంచులు పాకిపోతూ. కలం మళ్ళీ ముంచకుండానే అదే చేత్తో రెండో గుడ్డ మీద ఇంకో గీత లాగాడు. చూస్తూ ఉండగానే ఆ గీత ముదిరి, కాటుక నలుపుకు తిరిగింది. అంచు కూడా పాకలేదు.

"నలుపు ఎక్కడుంది నాయనా?" అని అడిగాడు ముసలాయన.

"కలంలో."

"కలంలో ఉంటే రెండిట్లోనూ పడాల కదా. కరక్కాయ వగరు గుడ్డకు పట్టుండాల. దాన్ని ఇనుము తగిలితేనే నలుపు పుట్టేది. పాల జిడ్డు ఉంటేనే గీత పాక్కుండా నిలిచేది. గుడ్డను నానబెట్టేది ఒక పని, గీసేది ఇంకో పని. ముందరిది చేయకుండా ఎనకది చేస్తే ఎంత చెయ్యి తిరిగినోడికైనా మరకే మిగిలేది." అని కలం పక్కన పెట్టి, "గుడ్డ ఎంత కావాల నీకు?" అన్నాడు.

చిత్రకారుడు గుడ్డ కొన్నాడు గానీ గీతలు మొదలుపెట్టలేదు. ముందు తాను నానాలని తెలిసింది.

మొదట విజయనగరం వెళ్ళాడు. విజయరామ గజపతి 1919లో పెట్టిన సంగీత పాఠశాల చూశాడు. ఘంటసాల అక్కడ సంగీతం నేర్చుకున్న రోజుల గురించి పెద్దవాళ్ళు చెప్పింది విన్నాడు. చేతి ఉంగరం అమ్ముకుని ఆ ఊరు చేరిన కుర్రవాడు, అన్నానికి దారిలేక భుజాన జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. 1970లో పద్మశ్రీ అందుకున్న గొంతును మొదట బతికించింది ఆ వీధుల్లోని ఇల్లాళ్ళు వడ్డించిన కూడు.

అదే ఊళ్ళో ద్వారం వారి సంగతి తెలిసింది. చిన్ననాటి నుంచీ చూపు మందం. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టాడు. విద్యార్థిగా చేరదామని ఈ పాఠశాలకు వచ్చిన మనిషి వాయిద్యం విని, ఇతనికి మనం నేర్పేదేమిటని, ఆచార్యుడిగా వేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 26. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడుగా ఉన్న ఆ పాఠశాలకే 1936లో తానూ అధ్యక్షుడయ్యాడు.

జాషువాను ఆయన పేరుతోనూ పద్యాలతోనూ ఎరుగుదుననుకున్న చిత్రకారుడు, 1941 నాటి 'గబ్బిలం' మళ్ళీ మొదటినుంచీ చదివాడు. గుడి గడప తొక్కనివ్వని ఒక పేదవాడు తన బాధ శివుడికి చెప్పుకోవాలి. మనిషినైన తనకు తలుపు మూశారు. గుళ్ళోకి స్వేచ్ఛగా పోయి వచ్చేది గబ్బిలం. అందుకని దాని చేతనే కబురు పంపాడు. కాళిదాసు మేఘాన్ని పంపిన దేశంలో వినుకొండ కవి గబ్బిలాన్ని ఎందుకు పంపాడో చిత్రకారుడికి ఆ చదువులో తగిలింది. ఆ కవికే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తన చేతులతో గండపెండేరం తొడిగాడని అతనికి ముందే తెలుసు. పాత బొమ్మలో వేసింది ఆ గండపెండేరం వైభవాన్నే. తలుపును వెయ్యలేదు.

ఆ తర్వాత నిజామాబాద్ వైపు వెళ్ళి చిందు కళాకారుల ఊళ్ళలో కూర్చున్నాడు. మొహాన అర్దళం పూసుకుని, కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, ఊరి బయలులో రాత్రంతా ఆడే ఆట అది. సామాను మూటలు కట్టుకుని ఊరినుంచి ఊరికి తిరగడమే బతుకు. చిందుల ఎల్లమ్మ ఆడవేషమూ వేసింది, మగవేషమూ వేసింది. 2005లో ఆమె పోయేదాకా ఆమె కాళ్ళకింద ఉన్నది ఎక్కువగా మట్టి, తక్కువగా వేదిక. ఆ ఊరి మట్టిని ఒక మూట కట్టుకుని చిత్రకారుడు తిరిగొచ్చాడు.

అప్పుడు కలం పట్టాడు.

ఘంటసాల బొమ్మలో జోలె ఒక్కటే. దాన్ని ఒకే గుడ్డతో కుట్టలేదు. పాత పంచె ముక్క, చీర అంచు, తువ్వాలు చెంగు, చిన్నపిల్ల లంగా కుచ్చు, ఇంటికొక ముక్క చొప్పున అతుకులేసి కుట్టాడు. జోలె పట్టిన చేతి వేలికి ఉంగరం లేదు. ఉంగరం ఉండే చోట చర్మం కాస్త తెల్లగా వదిలాడు.

ద్వారం వారి బొమ్మలో శిష్యులు కూర్చునే తాటాకు చాప. దాని ఒక కొస నేలను వదిలి, కర్ర కాళ్ళు మొలిచి, గురువు కూర్చునే పీట అవుతుంది. బొమ్మంతా బూడిదరంగు మీద బూడిదరంగే కాబట్టి కంటికి సగమే ఆనుతుంది. వేళ్ళతో తడిమితే నాలుగు తీగలు తగులుతాయి. 'ముట్టుకోవచ్చు' అని కింద తానే రాశాడు.

జాషువా బొమ్మకు కాన్వాసు లేదు. పాడుబడిన ఇంటినుంచి తెచ్చిన బరువైన టేకు తలుపు, వేసిన గడియతో సహా. పై కమ్మీ దగ్గర జానెడు సందు. ఆ సందులోనించి మాత్రం లోపలి దీపపు వెలుగు బంగారు రేకులా కనిపిస్తుంది. నాలుగు బొమ్మల్లోనూ బంగారం వాడిన చోటు అదొక్కటే.

ఎల్లమ్మ బొమ్మలో ఒక భుజాన మగవేషం భుజకీర్తి, ఒక కాలికి ఆడవేషం గజ్జెలు, మొహానికి అర్దళం పసుపు. కింద సగం బొమ్మ, తెచ్చిన మట్టిని చింతగింజల అంబలితో పట్టించిన నేల. దాని మీద అడుగుల గుర్తులు ఉన్నాయి, వేదిక లేదు.

బొమ్మలు తగిలించడానికి మళ్ళీ ఆ వడ్రంగి మేస్త్రే వచ్చాడు. చిత్రకారుడు పలకలు అతని చేతిలో పెట్టి, "ఈసారి ఎవరిదెక్కడో నువ్వే చెప్పు" అన్నాడు.

మేస్త్రి జోలె ముందు ఆగాడు. "ఘంటసాల గారు కదండీ. మధుకరం ఎత్తుకుని చదువుకున్నారని మా అమ్మ అన్నం వదిలేసినప్పుడల్లా చెప్పేది." తలుపు దగ్గరికి వెళ్ళి పనివాడి కన్నుతో చూశాడు. "గడియ ఇంత గట్టిగా బిగించి పైన సందు వదిలారేంటి మాస్టారూ? గబ్బిలం దూరేటంత..." అని ఆగి, "జాషువా గారు!" అన్నాడు. బళ్ళో చదివిన పాఠం గుర్తొచ్చింది.

మిగిలిన రెండిటి ముందు మాత్రం తెల్లమొహం వేశాడు. "చాప తెలుస్తోంది గానీ మనిషి తెలీటం లేదండి."

చిత్రకారుడి ఉత్సాహం చప్పున చల్లారింది. ఇంత తిరిగినా సగమే పండిందా అనుకున్నాడు. అంతలో చాప మీద పరిచిన రెండు గుడ్డలు కళ్ళముందు మెదిలాయి. నిచ్చెన మెట్టు మీద కూర్చుని, శిష్యుడిగా వచ్చి ఆచార్యుడైన ఫిడేలు విద్వాంసుడి కథ చెప్పాడు. మేస్త్రి విని, లేచి, చేతులు పంచెకు తుడుచుకుని బొమ్మ తడిమాడు. "చాపకి కాళ్ళెందుకొచ్చాయో ఇప్పుడు తెలిసిందండీ" అన్నాడు. అప్పుడే లోపలికి వచ్చిన అటెండరును పిలిచి, తానే ఆ కథంతా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

పలకలు ఆ రోజు బిగించలేదు. చిత్రకారుడు కమిటీని ఒప్పించి, ప్రతి ఆదివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో బొమ్మ ముందు ఒక్కో కథ చెప్పించే ఏర్పాటు చేయించాడు. ఒకసారి సంగీతం మాస్టారు, ఒకసారి తెలుగు పంతులు, ఎక్కువసార్లు వడ్రంగి మేస్త్రే చెప్పేవారు. నాలుగు కథలూ పిల్లల నోళ్ళలో నానాకే పేర్లు గోడెక్కాయి.

కొన్నాళ్ళకు చిత్రకారుడు ఎవరూ లేనప్పుడు వచ్చి, రెండు పలకలు ఊడదీసి ఇటుది అటు, అటుది ఇటు బిగించి, పేపరు పట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. బడి వదిలారు. జడలకు రిబ్బన్లు కట్టుకున్న ఒక పిల్ల లోపలికొచ్చి, బొమ్మల వంక చూసి, సరాసరి కార్యదర్శి గది ముందు నిలబడి అరిచింది.

"సార్! ఎల్లమ్మ గారి మట్టి కింద నాయుడు గారి పేరు పెట్టారేంటి? ఎవరు చేశారిది?"

కార్యదర్శి హడావిడిగా బయటికొచ్చాడు. మేకులు తానే ఊడబీకాడు. గోడకు పెచ్చు ఊడింది. ఆయన దాని వంకైనా చూడలేదు.

నీతి: గుర్తు మనిషిని పరిచయం చెయ్యదు. పరిచయమైన మనిషిని నిలబెడుతుంది, అంతే.

మన ఊళ్ళలో పెద్దలకు చేసే గౌరవాల్లో నూటికి తొంభై శాలువా జాతివి. శాలువా అందరికీ సరిపోతుంది కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు. గొప్పవాడని చెప్పడానికి పతకం చాలు. ఎలా గొప్పవాడయ్యాడో చెప్పాలంటే అతను మోసిన జోలె, అతని మొహాన మూసిన తలుపు, అతను ఆడిన మట్టి వెతకాలి. కళాకారుడి మొదటి పని ఆ వెతుకులాట. అది చెయ్యకుండా బంగారు రేకు ఎంత తాపినా పలకలు మారితే మనిషి మారిపోతాడు.

ఆ తర్వాతి సగం కళాకారుడి చేతిలో లేదు, చూసేవాళ్ళ చేతిలో ఉంది. మేస్త్రికి జోలె తెలిసింది తల్లి చెప్పినందుకు, తలుపు తెలిసింది బళ్ళో పాఠం ఉన్నందుకు. ఎవరూ చెప్పని ద్వారం వారూ ఎల్లమ్మా ఎంత మంచి బొమ్మలోనైనా అతనికి కనిపించలేదు. అందులో అతని తప్పు లేదు, బొమ్మ తప్పూ లేదు. చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. చెప్పగానే అదే బొమ్మ అదే మనిషికి కనిపించింది.

కాబట్టి ఈసారి మీ ఊళ్ళో ఎవరికైనా విగ్రహమో చిత్తరువో పెడదామని చందాలు పోగుచేస్తే, ముందు మీ ఊరి బడికి వెళ్ళి ఆ మనిషి గురించి ఒక్క సంగతి చెప్పమని పిల్లల్ని అడగండి. ఎవరూ చెప్పలేకపోతే చందాలో మొదటి రూపాయి కథ చెప్పేవాడికి ఇవ్వండి. శిల్పికి బయానా ఆ తర్వాత పంపవచ్చు.